వాగులోకి వచ్చిన ఏరు

మా మరిది రోలాండ్ ఎర్రనీళ్ల వాగులో పోయాడు. పోయాడనే అందరం అనుకున్నాం. ఎందుకంటే మా ఉత్తరాన మంచు ఇంకా కరగని మే నెల మొదట్లో, మంచు మీద నడిపే అతని మోటారు బండి ఒక్కటే దొరికింది. వాగు మధ్యలో మంచు విరిగి బండి ముక్కు నీళ్లలోకి దిగిపోయి ఉంది. వెనకాల సామాను లాగడానికి కట్టిన స్లెడ్జి మాత్రం పైనే ఆగింది. అందులో నీటెలుకల తోళ్లు, టీ డబ్బా, గొడ్డలి, కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. మనిషి లేడు.

ఎర్రనీళ్ల వాగు పెద్దదేమీ కాదు. ఉత్తరపు కొండల్లో ఒక చెరువులో పుట్టి, నాచునేలల గుండా మెలికలు తిరిగి, ఒక రాతి గండిలోంచి దూకి, మా ఊరికి కాస్త ఎగువన పెద్ద ఏట్లో కలుస్తుంది. నాచులోంచి ఊరి వస్తుంది కాబట్టి నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉంటాయి. ప్రభుత్వం వాళ్ల పటంలో దానికి ఎవరో తెల్లదొర భార్య పేరుంది. ఆవిడ దాన్ని ఎప్పుడూ చూసి ఉండదు. వేసవిలో ఆ వాగుని చాలాచోట్ల బూట్లతోనే దాటేయొచ్చు. అలాంటి వాగు ఒక నిండు మనిషిని మింగుతుందంటే ఊళ్లో ముసలివాళ్లే మొదట నమ్మలేదు.

పోలీసులు వచ్చారు. మంచు మెత్తబడిపోయిందని నీళ్లలోకి మనుషుల్ని దింపలేదు. బండిని మాత్రం తాళ్లేసి బయటికి లాగారు. ఆ వారంలోనే ఏటి మంచు పగిలింది. ఆ ఏడు ఊరికి దిగువన మంచుగడ్డలు అడ్డం పడి ఏరు ఎగదన్నింది. గట్టు మీది ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అందరం గుట్ట మీది బడిలో తలదాచుకున్నాం. ఏరు తీశాక పోలీసులు మళ్లీ పడవల్లో వచ్చి వాగు కలిసేచోట, దాని దిగువన వెతికారు. హెలికాప్టర్ కూడా తిరిగింది. చివరికి ఒక కుర్ర పోలీసు బెర్తా ఇంటికి వచ్చి టోపీ తీసి చేత్తో పట్టుకుని, "ఏరు తీసుకుపోయి ఉంటుందమ్మా, సముద్రందాకా," అన్నాడు. బెర్తా అతనికి టీ ఇచ్చింది. పంచదార ఎంత వెయ్యమంటావని అడిగింది.

బెర్తా రోలాండ్ భార్య, నా తోడికోడలు. నేను ఆ ఇంటి పెద్దకోడల్ని, నా పేరు నెల్లీ. రోలాండ్ అన్న ఈనాక్ నా మొగుడు.

బెర్తా ఏడవలేదు. పెట్టింది తినేది. ఊళ్లోవాళ్లు తెచ్చిన కారిబూ దుప్పి మాంసం పులుసు తిని, గిన్నె కడిగి, ఎవరిది వాళ్లకి ఇచ్చి వచ్చేది. పొయ్యి పక్కన కట్టెలు గుట్టగా ఉన్నా ఇంకా కొడుతూ ఉండేది. మా అత్త ఎఫీ ప్రతి పొద్దునా నన్ను అడిగేది.

"తిందా?"

"తింది అత్తా."

"ఏడ్చిందా?"

"లేదు."

"ఊఁ," అని అత్త పొగాకు నోట్లో వేసుకునేది. తన కొడుకు కోసం తను ఏడ్చిందో లేదో నేను అడగలేదు.

జూన్‌లో దోమలు మొదలయ్యాక ఒకరోజు బెర్తా మా ఇంటికి వచ్చింది. ఈనాక్ గుమ్మంలో కూచుని పడవ మోటారు విప్పుతున్నాడు.

"బావా, నేను వాగంతా నడుస్తాను," అంది. "పైనుంచి."

ఈనాక్ చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "హెలికాప్టర్ తిరిగింది కదమ్మా."

"హెలికాప్టర్‌కి విల్లో పొదల కింద ఏం కనబడుతుంది?"

"అది సరే. బండి పడింది కింద వెచ్చటి ఊట దగ్గర. దానికి పైన వాడెందుకుంటాడు? చెరువు దగ్గర్నుంచి మొదలుపెట్టడం దేనికి?"

"ఉండడు. కానీ గుడారం అక్కడే ఉంది కదా. ఎవరో ఒకరు దించాలి."

సరుకుల కోసం ఊరికి వస్తూ రోలాండ్ నీటెలుకల వేటకి వేసుకున్న గుడారాన్ని చెరువు దగ్గరే వదిలేశాడు. తిరిగి వెళ్లేవాడే. ఈనాక్ నావైపు చూశాడు. నేను రొట్టెలకి పిండి కలపడం మొదలుపెట్టాను.

అత్త అంత దూరం నడవలేదు. "నేను పడవలో వాగు నోటి దగ్గరికి పోయి అక్కడ గుడారం వేసుకుంటాను. వల వేసుకుంటాను. మీరు ఎన్నాళ్లకి వస్తే అన్నాళ్లకే రండి," అంది.

గుట్ట మీదుగా అడ్డదారిన చెరువుకి నడిచాం, మేం ముగ్గురం, మా కుక్క బిషప్. దాని వీపుకి రెండు పక్కలా సంచులు కట్టాం. ఊళ్లో ఏ ఇంట్లో వంటైనా ముందు అదే హాజరవుతుందని రోలాండే దానికి ఆ పేరు పెట్టాడు. చర్చికి అసలు బిషప్ వచ్చినరోజు దాన్ని పేరుపెట్టి పిలిచి మా అత్త చేత తిట్లు కూడా తిన్నాడు. ఆ దారిపొడుగునా ఈనాక్ దాన్ని పేరుపెట్టి పిలవలేదు. "ఇటు రా," అనేవాడు.

చెరువు ఒడ్డున గుడారం నిలబడే ఉంది. ఒక పక్క తాడు సడలి గుడ్డ వేలాడుతోంది. లోపల రేకుపొయ్యి, దాని మీద మాడిన చిక్కుడుగింజల గిన్నె.

"చూడు మరి," అన్నాడు ఈనాక్ గిన్నె వంచి. "వీడికి నీళ్లు కాచడం వచ్చేది. అక్కడితో సరి."

బెర్తా గిన్నె తీసుకుని చెరువులో ఇసుకతో తోమింది. మాడు పోయేదాకా తోమింది. గుడారం లోపలి తాడు మీద అతని ఉన్ని మేజోళ్లు వేలాడుతున్నాయి. వాటిని నొక్కి చూసి, "ఎండిపోయాయి," అంది. తన మేజోళ్లు దారిలో తడిశాయి. అవి విప్పి ఇవి వేసుకుంది. తర్వాత మేం ముగ్గురం గుడారం దించి మడిచాం. ఈనాక్ దాన్ని వీపుకి ఎత్తుకున్నాడు.

చెరువు చివర బీవర్లనే నీటిజంతువులు కొమ్మలతో కట్టిన కట్ట ఉంది. కొమ్మల సందుల్లోంచి నీళ్లు జారి, కింద ఒక కాలువగా చేరతాయి. వాగు అక్కడ మొదలవుతుంది. ఒక అంగలో దాటొచ్చు. బెర్తా కట్ట మీద కాసేపు నిలబడి దిగువకి చూసి నడవడం మొదలుపెట్టింది.

నాచునేలల్లో రెండురోజులు పట్టింది. అడుగు వేస్తే మోకాలిదాకా దిగిపోయే చోట వాగు కూడా తొందరపడదు. ఇటు తిరిగి, అటు తిరిగి, పొద్దున చూసిన స్ప్రూస్ చెట్టునే సాయంత్రం అవతలి వైపునుంచి చూపిస్తుంది. ఊటకి పైన వెతికేదేమీ లేదు కనక మెలికలు కోసుకుంటూ నడవమన్నాడు ఈనాక్. బెర్తా వినలేదు. గట్టు వెంటే నడిచింది. మేమూ నడిచాం. దోమలు ఆమె మెడ మీద వాలేవి. కొట్టుకునేది కాదు. నేనే వెనకనుంచి తుడిచేదాన్ని.

ఊట దగ్గరికి వచ్చాం. అక్కడ గట్టు అడుగునుంచి వెచ్చటి నీళ్లు ఉబుకుతాయి. చలికాలం నడిబొడ్డున కూడా పై మంచు పల్చగానే ఉంటుంది. రోలాండ్‌కి తెలియని చోటేమీ కాదు. చిన్నప్పట్నుంచీ దాన్ని చుట్టి వెళ్లినవాడే. ఆ రోజు ఎందుకు చుట్టి వెళ్లలేదో ఎవరికీ తెలియదు. కొత్తమంచు కురిసి గట్టేదో వాగేదో ఆనవాలు పట్టలేకపోయి ఉంటాడు. పోలీసులు పాతిన రెండు కర్రలు ఇంకా ఉన్నాయి, రిబ్బను కట్టి.

"ఇక్కడ లోతెంత బావా?" అంది బెర్తా.

ఈనాక్ పొడవాటి కర్ర ఒకటి నరికి నీళ్లలో దింపాడు. తీసి తన ఒంటి పక్కన నిలబెట్టి చూసుకున్నాడు. "నడుముదాకా."

"నడుముదాకానా?"

"లోతు కాదమ్మా సంగతి. కింద నీటి ఉరవడి ఉంటుంది. కాళ్లు లాగేసి మంచు కిందికి తోసేస్తుంది. అక్కడ లోతు ఎంతైనా ఒకటే."

బెర్తా తలూపింది. నేను మంట వేసి టీ పెట్టాను. టీ తాగి, గిన్నె బోర్లించి, "పదండి," అంది.

అక్కడినుంచే అసలు వెతుకులాట. ఊట దిగువన వాగు బలుస్తుంది. రెండు రాతిగోడల మధ్య గండిలో పడి అరుస్తుంది. ఆ అరుపులో ఒకరి మాట ఒకరికి వినబడదు. గండి దాటగానే కొట్టుకొచ్చిన దుంగలన్నీ ఒకదాని మీద ఒకటి పడి పెద్ద మేట. ఈనాక్ దాని మీదికెక్కి ప్రతి సందులోనూ కర్ర పెట్టి పొడిచాడు. కర్ర మెత్తగా తగిలినప్పుడల్లా ఆగి, నావైపు చూసి, మళ్లీ పొడిచేవాడు. దొరకాలని వచ్చిన నేనే, కర్ర దిగినప్పుడల్లా దొరక్కపోతే బాగుండుననుకున్నాను.

"ఇదిగో," అంది బెర్తా దిగువవైపునుంచి.

చేతిలో ఒక చేతితొడుగు ఉంది. దుప్పితోలుతో కుట్టి పైన పూసలతో పువ్వులు కుట్టినది. తనే కుట్టింది. తోలు నాని మెత్తగా జావలా అయిపోయింది. పూసలు మాత్రం ఒక్కటీ ఊడలేదు.

"ఇక్కడిదాకా వచ్చాడన్నమాట," అన్నాడు ఈనాక్.

"ఊఁ," అని ఆమె దాన్ని పిండి కోటు జేబులో పెట్టుకుంది. ఆ జేబు తడిసి నీళ్లు తొడ మీదుగా కారుతున్నా తీయలేదు.

గండి తర్వాత కొండలు వెనకబడిపోతాయి. వాగు గులకరాళ్ల మైదానంలో పడి అయిదారు పాయలుగా చీలిపోతుంది. ఆగస్టులో అయితే ఆ రాళ్ల కిందికి దిగి కనబడకుండా పోయి, కింద ఎక్కడో మళ్లీ పైకి తేలుతుంది. జూన్‌లో మాత్రం పాయలన్నీ పారుతుంటాయి. తలా ఒక పాయ పట్టుకుని నడిచాం. తర్వాత మిగిలిన పాయల కోసం వెనక్కి వచ్చి మళ్లీ నడిచాం. బిషప్ పాదాలు రాళ్లకి కోసుకుపోతే ఈనాక్ తన చొక్కా చేయి చింపి కట్లు కట్టాడు. ఏమీ దొరకలేదు.

మైదానం చివర పాయలన్నీ మళ్లీ కలుస్తాయి. అక్కడినుంచి ఏటిదాకా నేల చదును. వాగు వెడల్పయి, మెల్లగా, చప్పుడు లేకుండా పోతుంది. రెండు గట్ల మీదా విల్లో పొదలు. మధ్యాహ్నానికల్లా అత్త గుడారం పొగ కనబడుతుందన్నాడు ఈనాక్. ఇక ఇంటికి పోవడమే అన్నట్టు మాట్లాడాడు. నా కాళ్లు కూడా అదే కోరుకుంటున్నాయి.

ముందు నడుస్తున్న బెర్తా ఆగింది. వంగి ఒక విల్లో కొమ్మ పట్టుకుని వేళ్లతో రుద్దింది. వేళ్లకి అంటినదాన్ని చూసుకుంది.

"బావా, ఇదేం మట్టి?"

ఈనాక్ వచ్చి చూశాడు. ఆకుల మీద, కొమ్మల మీద, మనిషి ఛాతీ ఎత్తుదాకా బూడిదరంగు ఒండ్రు ఎండి పొడిలా అంటుకుని ఉంది.

"ఒండ్రు."

"వాగుది కాదు. వాగుది నల్లగా ఉంటుంది. ఇంతసేపూ నా బూట్లకి అంటింది అదే కదా. ఇది ఏటి ఒండ్రు."

ఈనాక్ గట్టెక్కి చుట్టూ చూశాడు. మేమూ ఎక్కాం. కనుచూపు మేర గడ్డంతా ఒకవైపుకి పడుకుని ఉంది. ఏటివైపు కాదు, కొండలవైపు. అక్కడక్కడ పొదల నీడలో పొయ్యంత, బల్లంత మంచుగడ్డలు ఇంకా కరుగుతూ ఉన్నాయి. వాగు మంచు అంత మందం ఉండదు.

"దిగువన అడ్డం పడ్డప్పుడు ఏరు వాగులోకి ఎదురెక్కింది," అన్నాడు ఈనాక్ మెల్లగా. "ఊళ్లోకి వచ్చినట్టే ఇక్కడికీ వచ్చింది. మనం బడిలో కూచున్నాం. ఎవరు చూశారు?"

"అయితే వాగు ఆయన్ని ఏటిదాకా తీసుకెళ్లి ఉంటే," అంది బెర్తా, "ఏరు మళ్లీ వెనక్కి తెచ్చి ఉంటుంది."

ఆమె గొంతులో ఏ మార్పూ లేదు. ఉప్పు ఎక్కడ పెట్టావక్కా అని నన్నడిగే గొంతే అది.

వాగు ఒకప్పుడు పారి వదిలేసిన పాత పాయ ఒకటి అక్కడినుంచి ఎడమవైపు పొదల్లోకి పోతుంది. చివర ఒక మడుగు. బాతుల వేటకి తప్ప అటు ఎవరూ పోరు. పడుకున్న గడ్డి అటే చూపిస్తోంది. మేం అటు నడిచాం. ఈసారి ఈనాక్ ముందు నడిచాడు. మడుగు దగ్గరికి వచ్చాక ఒకచోట ఆగి, వెనక్కి తిరగకుండానే చెయ్యి అడ్డం చాపాడు.

"నెల్లీ, బెర్తాని అక్కడే ఆపు."

"నన్నెందుకు ఆపడం?" అంది బెర్తా. "నేను వచ్చిందే అందుకు కదా." ఆ చేతిని పక్కకి జరిపి వెళ్లింది.

అతను పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. ఒంట్లో సగాన్ని ఇన్నాళ్లూ కప్పిన మంచుగడ్డ ఒకటి కరిగి అంచు మాత్రం మిగిలింది. అందువల్లనే మనిషి మనిషిలా ఉన్నాడు. ఒంటినిండా, జుట్టునిండా ఆ బూడిదరంగు ఒండ్రే. మట్టితో చేసి ఆరబెట్టిన బొమ్మలా ఉన్నాడు. ఒక చేతికి తొడుగు ఉంది.

ఈనాక్ గడ్డిలో కూచుండిపోయాడు. తలని మోకాళ్ల మధ్య పెట్టుకుని, "ఒరేయ్, ఒరేయ్," అన్నాడు. నేను అతని వీపు మీద చెయ్యి వేశాను. బెర్తా సంచిలోంచి టీ గిన్నె తీసి, వాగుదాకా వెళ్లి, ఎర్రటి నీళ్లు ముంచుకొచ్చింది. తలగుడ్డ విప్పి తడిపి అతని మొహం తుడవడం మొదలుపెట్టింది. నీళ్లు అయిపోతే మళ్లీ వెళ్లింది. నేను తెస్తానన్నా వినలేదు. కనుబొమలు, చెవుల వెనక, గోళ్ల సందులు, అన్నీ తుడిచింది. తర్వాత ముగ్గురం కలిసి గుడారం గుడ్డ పరిచి అతన్ని అందులో చుట్టాం.

ఈనాక్ వాగు నోటి దగ్గరికి వెళ్లి పడవ తెచ్చాడు. అత్త కూడా వచ్చింది. పాయలో పడవ దిగి, మోకాలిలోతు నీళ్లలో నడిచి వచ్చి, గుడ్డ మీద చెయ్యి పెట్టింది. ఎక్కడ తల, ఎక్కడ భుజం అని తడిమి తెలుసుకుంది.

"వెధవా," అంది. "ఎండాకాలం వచ్చేదాకా తిరిగి ఇప్పుడొచ్చావ్." తర్వాత నావైపు తిరిగి, "ఏమైనా తిన్నారా మీరు? గుడారంలో చేప ఉడికించి పెట్టాను," అంది.

ఎండాకాలంలోనూ లోపల గడ్డకట్టే ఉండే నేల తవ్వడానికి ఊళ్లో మగవాళ్లు గుట్ట మీద నిప్పులు వేసి, కరిగినంత తవ్వి, మళ్లీ నిప్పులు వేశారు. పాతిపెట్టిన రోజు అందరూ ఏడ్చారు, బెర్తా తప్ప. వచ్చినవాళ్లకి టీ పోసింది. కుర్ర పోలీసు కూడా వచ్చాడు. అతనికి అడక్కుండానే పంచదార వేసింది.

ఆ వేసవంతా అలాగే నడిచింది. చేపలు వచ్చాయి. అత్త, బెర్తా, నేను బల్ల దగ్గర నిలబడి ఎండబెట్టడానికి కోశాం.

"ఇంత మందంగా కోస్తారా? ఆరవద్దూ?" అంది అత్త ఒకరోజు.

బెర్తా కత్తి ఆపింది. "అత్తా, నాకేమీ అనిపించడం లేదు. పొద్దున లేస్తాను, ఏమీ ఉండదు. ఆయన మొహం తుడిచినప్పుడూ ఏమీ లేదు. నాలో ఏదో చచ్చిపోయిందేమో."

అత్త ఆమె చేతిలోంచి చేప లాక్కుని పల్చగా రెండు గాట్లు పెట్టి తిరిగి ఇచ్చింది. "అనిపించకపోతే అనిపించకపోయింది. చేపలైతే తెగుతున్నాయిగా. కొయ్యి."

నేను నా కన్నీళ్లు చేపరక్తమున్న చేతులతో తుడుచుకోలేక భుజానికి రాసుకున్నాను. వాళ్లిద్దరూ పని చేస్తూనే ఉన్నారు.

చలికాలం వచ్చింది. వాగు గడ్డకట్టింది. ఫిబ్రవరిలో ఊరి సంఘం చెరువుకి కొత్త దారి కొట్టాలని తీర్మానించింది. ఈనాక్ ముందు నడిచి చెట్లకి గొడ్డలితో గుర్తులు పెడుతుంటే నలుగురం వెనకాల పొదలు నరుకుతూ వెళ్లాం. ఎవరూ పిలవకపోయినా బెర్తా తన గొడ్డలితో వచ్చింది. ఊట ఇంకా కొంత దూరంలో ఉండగా ఈనాక్ ఆగాడు.

"ఇక్కడ వాగు మీదికి దిగి అవతలికి ఎక్కితే గుట్ట తప్పుతుంది. ఊటకి ఇంత దిగువన మంచు గట్టిగానే ఉంటుంది," అన్నాడు.

"నీకు బుద్ధుందా బావా?" అంది బెర్తా.

అందరం చేతులు ఆపేశాం. ఆమె ఈనాక్‌తో ఎన్నడూ గొంతు పెంచి మాట్లాడలేదు. మొహం ఎర్రబడింది. ముక్కు కారుతోంది.

"ఇప్పుడు గట్టిగా ఉంటుంది. ఏప్రిల్‌లో? నువ్వు పెట్టిన గుర్తు నమ్ముకుని ఎవడో ఒకడు చీకట్లో, మంచు కురుస్తుంటే వస్తాడు. వాడు నీ లెక్కలన్నీ గుర్తుపెట్టుకుంటాడా? గుట్ట ఎక్కితే మీ కాళ్లేమన్నా అరిగిపోతాయా? పొట్టలు చూడండి మీవి, ఎక్కండి." ఇంకా ఏవేవో అంది. అన్నీ సరిగా వినబడలేదు, ఎందుకంటే మధ్యలో ఏడుపు వచ్చింది. చిన్నపిల్ల వెక్కినట్టు వెక్కింది. గొడ్డలి వదిలేసి మంచులో కూచుంది. నేను వెళ్లి పక్కన కూచున్నాను. చాలాసేపు అలాగే ఏడ్చింది. నా భుజం కొరికింది కూడా.

ఈనాక్ గుట్టవైపు మొహం తిప్పి పైచెట్టుకి గుర్తు పెట్టాడు. ఆ పైచెట్టుకి ఇంకొకటి.

ఇప్పుడు దారి గుట్ట మీదినుంచే పోతుంది. పొడుగు ఎక్కువ. బరువు స్లెడ్జిలు లాగాలంటే బండ్లు రొప్పుతాయి. మొన్న దుకాణంలో ఎవరో మగవాళ్లు, ఆ గుట్ట మీద దారి పెట్టిన తెలివైనవాడెవడో అని నవ్వుకుంటున్నారు.

"నేనే," అంది బెర్తా టీ పొట్లం చేతిలో పట్టుకుని. "ఏం, ఎక్కలేకపోతున్నారా?"

వాళ్లు ఎక్కగలమనే అన్నారు.